రాక్షస కీటకాలు – దాగిన దోషి

ప్రతీక గురించి మన విమర్శకులు చాలా రాశారు. కవితలోని ప్రతీకను విడమరచి చెప్పడం తెలుగు ఎం.ఏ. చదివిన ప్రతి ఒక్కరికీ అలవాటే. అయితే ప్రతీక ఒక్కొక్కసారి సత్యాన్ని చూపిస్తూనే దాచిపెడుతుందన్న సంగతిని మనం తగినంతగా పట్టించుకోలేదు. ఇది తేల్చుకోవడానికి నేను తీసుకున్న ఉదాహరణ పండితులు మెచ్చేది కాదు. 1950లలో అమెరికాలో తక్కువ ఖర్చుతో తీసిన భయానక చిత్రాలవి. రేడియేషన్ సోకో, మందు వికటించో ఏనుగులంత పెరిగిన చీమలూ మిడతలూ మనుషుల మీద పడే కథలు. ‘ఇలాంటి చెత్తకు ఈ పత్రికలో చోటా?’ అని కొందరు మిత్రులు అడగవచ్చు. జనం ఎగబడి చూసిన కథను చెత్త అని పక్కకు నెట్టేస్తే మన పని తీరిపోదు. ఆ భయం ఎక్కడ పుట్టింది, దాన్ని ఎవరు ఎటు మళ్లించారు అన్నది తేల్చవలసిన బాధ్యత మనకుంది.

ముందు ఈ చిత్రాల పుట్టుక చూద్దాం. 1954 జూన్‌లో వార్నర్ బ్రదర్స్ సంస్థ ‘దెమ్!’ అనే చిత్రాన్ని విడుదల చేసింది. ‘అవి!’ అని దాని అర్థం. దర్శకుడు గోర్డన్ డగ్లస్. రంగుల్లో తీయాలనుకుని, ఖర్చు తగ్గించడానికి నలుపు తెలుపుల్లో తీశారు. అది బాగా ఆడేసరికి మిగిలినవాళ్లు అదే దారి పట్టారు. 1955లో ‘టరాంటులా’, 1957లో ‘ది డెడ్లీ మాంటిస్’, ‘బిగినింగ్ ఆఫ్ ది ఎండ్’, 1958లో ‘ది ఫ్లై’, 1959లో ‘ది వాస్ప్ ఉమన్’ వచ్చాయి. (టరాంటులా సాలీడు, అది కీటకం కాదని మా సైన్సు మాష్టారు అంటారు. సినిమావాళ్లకు ఆ పట్టింపు లేదు.) కార్లలో కూర్చుని చూసే ఆరుబయలు సినిమాహాళ్లకూ, ఒక టిక్కెట్టు మీద రెండు బొమ్మలు వేసే పద్ధతికీ ఇవి సరిగ్గా సరిపోయాయి. కీటకాన్ని ఎంచుకోవడంలో వ్యాపార సూత్రం కూడా ఉంది: దానికి జీతం ఇవ్వనక్కర్లేదు. ‘బిగినింగ్ ఆఫ్ ది ఎండ్’లో దర్శకుడు బర్ట్ ఐ. గోర్డన్ చికాగో భవనాల ఫోటోల మీద నిజమైన మిడతల్ని పాకించాడు. ఒకచోట మిడత భవనం అంచు దాటి ఆకాశం మీద అడుగు వేయడం కూడా తెరమీద కనిపిస్తుంది!

శాస్త్రరీత్యా ఇవన్నీ అసాధ్యమైన కథలు. ప్రాణులకు తగిన పరిమాణం ఏమిటన్న విషయం మీద జె.బి.ఎస్. హాల్డేన్ 1926లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఒక ప్రాణి పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి రెట్లు పెరిగితే బరువు వెయ్యి రెట్లవుతుంది. ఆ బరువును మోయవలసిన కాళ్ల బలం వంద రెట్లే పెరుగుతుంది. కాబట్టి రాక్షస చీమ నిలబడలేక కూలిపోవాలి. పైగా కీటకాలకు ఊపిరితిత్తులు లేవు. ఒళ్లంతా అల్లుకున్న సన్నని గొట్టాల గుండా వాటికి గాలి అందుతుంది. ఒళ్లు పెరిగితే ఆ గాలి లోపలిదాకా చేరదు. ఈ హాల్డేన్ మనకు పరాయివాడు కాడు. కమ్యూనిస్టు పత్రికలో సామాన్యుల కోసం సైన్సు వ్యాసాలు రాసినవాడు. 1957లో మన దేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థుల చదువుకు ఇచ్చేయమని రాసిపోయాడు.

చీమ అలా పెరగడం అసాధ్యమైనప్పుడు, అంతమంది ప్రేక్షకులు నిజానికి దేనికి భయపడ్డారు? ‘దెమ్!’ కథే దీనికి జవాబు చెబుతుంది.

న్యూమెక్సికో ఎడారిలో ఒంటరిగా, మాటా పలుకూ లేకుండా నడిచిపోతున్న ఒక చిన్నపిల్ల పోలీసులకు కనిపిస్తుంది. ఆమె కుటుంబాన్ని ఏవో జీవులు చంపేశాయి. ముసలి శాస్త్రజ్ఞుడూ, శాస్త్రజ్ఞురాలైన ఆయన కూతురూ వచ్చి, 1945 అణుబాంబు పరీక్ష తాలూకు రేడియేషన్ వల్ల చీమలు ఇలా మారాయని తేలుస్తారు. ఇక్కడిదాకా చిత్రం నిజాయితీగా వేలెత్తి చూపుతుంది. తర్వాత ఆ వేలు పక్కకు తిరుగుతుంది. బాంబు చేసిన సైన్యమే రక్షకురాలవుతుంది. లాస్ ఏంజెలెస్ మురుగు కాలువల్లోకి సైనికులు దిగి, మంటలు చిమ్మే తుపాకులతో చీమల్ని కాల్చేస్తారు. అణుయుగం తలుపు తెరిచాం, ముందు ఏముందో చెప్పలేమన్న అర్థంలో ముసలాయన ఒక మాట అంటాడు. తెరిచింది ఎవరని ఎవరూ అడగరు.

ఈ చిత్రంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన ఘట్టం చిన్నది. ఎగిరే రాక్షస చీమల్ని చూశానన్న ఒక విమాన చోదకుణ్ణి టెక్సాస్‌లో పిచ్చాసుపత్రిలో పెట్టారు. అతను చెప్పింది నిజమేనని ప్రభుత్వ ఏజెంటుకు తెలుసు. అయినా వార్త బయటికి పొక్కకూడదు గనక అతన్ని అక్కడే ఉంచమని డాక్టరుకు చెప్పి వెళ్లిపోతాడు. దర్శకుడు దీన్ని హాస్యంగా నడిపించాడు. సత్యం చెప్పినవాణ్ణి పిచ్చివాడుగా ముద్రవేసి ఉంచడం హాస్యమైపోయిన కాలం అది. సెనెటర్ మెకార్తీ విచారణలు టెలివిజన్‌లో నడుస్తున్న రోజులే ఇవి.

ఇప్పుడు తెర పక్కకు తీసి అసలు న్యూమెక్సికోను చూద్దాం. 1945 జులై 16న అక్కడి ఎడారిలో తొలి అణుబాంబును పేల్చారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ముందు చెప్పలేదు, వాళ్లను ఖాళీ చేయించలేదు. మందుగుండు గిడ్డంగి పేలిందని సైన్యం పత్రికలకు కట్టుకథ చెప్పింది. వాననీరు తొట్లలో పట్టుకు తాగే జనం ఆ బూడిద కలిసిన నీళ్లే తాగారు. వాళ్లలో ఎక్కువమంది స్పానిష్ మూలాలవాళ్లు, ఆదివాసులు, చిన్న పశుపోషకులు. పరీక్షల వల్ల జబ్బుపడ్డ వారికి పరిహారం ఇచ్చే చట్టం 1990లో వచ్చింది. నెవాడా, యూటా, ఆరిజోనాల్లో కొన్ని ప్రాంతాలవాళ్లకు అందులో చోటు దొరికింది గాని, తొలి బాంబు గాలి పీల్చిన న్యూమెక్సికో జనానికి దొరకలేదు. వాళ్లను చేర్చింది 2025 జులైలో. చీమకు ఏమైందో హాలీవుడ్ తొమ్మిదేళ్లలో కనిపెట్టింది. మనిషికి ఏమైందో ఒప్పుకోవడానికి ఆ ప్రభుత్వానికి ఎనభై ఏళ్లు పట్టింది. ఆ పేద జనం ‘దెమ్!’లో బాధితుల పాత్రలుగా కూడా లేరు. వాళ్లుండవలసిన చోట చీమ ఉంది.

ఈ పద్ధతి మిగతా చిత్రాల్లోనూ సాగింది. ‘టరాంటులా’లో ఆకలి తీర్చే ఆహారం కోసం చేసిన ప్రయోగం వికటిస్తుంది, యుద్ధ విమానాలు నాపామ్ పోసి సాలీణ్ణి కాలుస్తాయి. అంతకు రెండేళ్ల ముందు దాకా కొరియాలో మనుషుల మీద కురిసింది ఆ నాపామే. ‘బిగినింగ్ ఆఫ్ ది ఎండ్’లో రేడియేషన్ వల్ల పెరిగిన మిడతల్ని చంపడానికి చికాగో మీదే అణుబాంబు వేయడానికి సిద్ధమవుతారు. రోగమూ అదే, మందూ అదే! రోజర్ కార్మన్ తీసిన ‘ది వాస్ప్ ఉమన్’ వీటికి కొంత భిన్నం. సౌందర్య సాధనాల కంపెనీ యజమానురాలి ముఖంలో వయసు కనిపించేసరికి సరుకు అమ్మకాలు పడిపోతాయి. యవ్వనం కోసం కందిరీగ సారం ఎక్కించుకుని ఆమే కందిరీగ అవుతుంది. ఆడదాని ముఖాన్ని సరుకుగా మార్చిన మార్కెట్టు ఇక్కడ కొంత బయటపడింది. శిక్ష మాత్రం ఆమెకే పడింది.

ఇదే వస్తువును ఇంకొక విధంగా నడపడం సాధ్యమేనని జపాన్ చూపించింది. 1954 మార్చి 1న బికినీలో అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద జపాన్ చేపల పడవ ‘లక్కీ డ్రాగన్’ మీద కురిసింది. 23 మంది జాలర్లు జబ్బుపడ్డారు. ఒకరు ఆ సెప్టెంబరులోనే చనిపోయారు. ఈ గాయం ఆరని దేశంలో 1961లో ‘మోత్రా’ వచ్చింది. దర్శకుడు ఇషిరో హోండా. ఇది చౌక చిత్రం కాదు. దీని మూలకథ రాసింది ముగ్గురు సాహిత్యకారులు: నకమురా, ఫుకునాగా, హోట్టా. వీరిలో యోషియే హోట్టా 1956 చివర ఢిల్లీలో జరిగిన ఆసియా రచయితల మహాసభకు వచ్చినవాడు. కథలో ఒక పెద్ద రాజ్యం తన అణుపరీక్షలతో ఒక దీవిని పాడుచేస్తుంది. ఆ దేశపు వ్యాపారి దీవిలోని ఇద్దరు చిట్టి స్త్రీలను ఎత్తుకొచ్చి టిక్కెట్టు పెట్టి ఆడిస్తాడు. దీవివాసుల రాక్షస చిమ్మెట వాళ్లకోసం సముద్రం దాటి వస్తుంది. దీవివాసుల్ని ఆటవికులుగా చూపిన లోపం ఇందులో లేకపోలేదు. కాని చివరకు చచ్చేది వ్యాపారి. చిమ్మెట తనవాళ్లను తీసుకుని ఇల్లు చేరుతుంది. ఇక్కడ దోషికి ముఖం ఉంది.

ఇదంతా మనకెందుకు? నిజంగా మారిన కీటకాలు మన చేలలోనే ఉన్నాయి గనక. అవి ఏనుగులంత పెరగలేదు, గోరంతే ఉన్నాయి. ఒకే మందు మళ్లీ మళ్లీ కొడితే, జన్యువుల్లోని ఏదో మార్పు వల్ల దాన్ని తట్టుకోగలిగిన పురుగులే మిగిలి పిల్లల్ని పెడతాయి. కొన్ని తరాలకు ఆ మందు చేనంతటి మీదా పనిచేయదు. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ తినేసింది. 1997–98లో వరంగల్ జిల్లాలో లద్దెపురుగూ పచ్చపురుగూ విరుచుకుపడ్డాయి. రెండుసార్లూ రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. చాలామంది తాగింది పురుగుల మందే.

ఈ విషాదం మీద కథ రాసే యువ రచయితకు ‘దెమ్!’ ఒక హెచ్చరిక. పురుగును ఎంత భీకరంగా వర్ణించినా, కథ చివర నింద ఒక్క పురుగు మీదే మిగిలితే ఆ కథలోంచి చాలామంది తప్పించుకున్నట్టే. మందు అప్పుకిచ్చి వడ్డీ కట్టిన దుకాణదారుడు, నకిలీ మందు అమ్మినవాడు, బ్యాంకు అప్పు అందకుండా చేసిన ప్రభుత్వం, ధర పడగొట్టిన మార్కెట్టు – వీళ్లెవరూ కనిపించరు.

అందుచేత విద్యార్థులకు నేను చెప్పే పద్ధతి ఇది. ఏ కథలో రాక్షసి కనిపించినా మూడు ప్రశ్నలు వేయండి. దాన్ని పుట్టించింది ఎవరు? దానికి బలైనవాళ్లలో కథకు ఎక్కనివాళ్లెవరు? చివర శిక్ష ఎవరికి పడింది? మొదటి ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ ఒకే జవాబు రాకపోతే, మధ్యలో ఎక్కడో దోషి చేయి జారిపోయాడని అర్థం. ఎక్కడ జారిపోయాడో వెతకండి. విమర్శ అక్కడ మొదలవుతుంది.