అమెరికన్ స్లాంగ్: తెలిసిన మాట, అనకూడని మాట

ఇంగ్లీషు సినిమా చూస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయి, నిఘంటువు తిరగేసినా సంగతి తేలని అనుభవం మీకు ఉండే ఉంటుంది. అది బహుశా స్లాంగ్. ఒక వర్గం వారు తమలో తాము చనువుగా వాడుకునే పలుకుబడికి ఆ పేరు. దీన్ని మాండలికంతో కలపకండి. మాండలికానికి సొంత ఉచ్చారణ, వ్యాకరణం ఉంటాయి. స్లాంగ్ ముఖ్యంగా పదాలకు సంబంధించింది.

మీరు రోజూ అనే ‘ఓకే’ ఒకప్పుడు స్లాంగే. 1839లో బోస్టన్ పత్రిక ఒకటి ‘ఆల్ కరెక్ట్’ అనే మాటను కావాలనే తప్పు స్పెల్లింగుతో తలచుకొని, మొదటి అక్షరాలు మాత్రం సరదాకు అచ్చువేసింది. మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో మార్టిన్ వాన్ బ్యూరెన్ అనుచరులు ఆయన ముద్దుపేరు ‘ఓల్డ్ కిండర్‌హుక్’కు అవే అక్షరాలు వాడుకోవడంతో మాట నిలబడింది. ‘కూల్’ నల్లజాతి జాజ్ సంగీతకారుల నోట నలిగి ‘భలే’ అనే అర్థంలో లోకమంతా పాకింది. కుర్రాళ్లు ‘సిక్’ అంటే జబ్బని కంగారు పడనక్కర్లేదు. ‘అదిరింది’ అని భావం.

ఇక కించపరిచే మాటలు. విన్నప్పుడు గుర్తుపట్టడానికి, తెలియక నోరు జారకుండా ఉండడానికి వీటిని తెలుసుకోవాలి. ‘రిటార్డెడ్’ మొదట వైద్యుల మాట. ఎదుగుదల మందగించిందని అర్థం. జనం నోట అది ‘మొద్దు’ అనే తిట్టయింది. 2010లో ‘రోసా చట్టం’ పేరిట సమాఖ్య చట్టాల్లో దాని స్థానంలో ‘మేధో వైకల్యం’ అనే అర్థమిచ్చే పదం పెట్టారు.

అన్నిటికన్నా బరువైనది నల్లజాతివారిని అవమానించే మాట. పత్రికలు దాన్ని పూర్తిగా రాయకుండా ‘ఎన్ వర్డ్’ అంటాయి. మూలంలో ‘నలుపు’ అని మాత్రమే అర్థం. కానీ బానిసలను కొన్నవారు, కొరడా పట్టినవారు, ఉరితీసిన గుంపులు ఆ మాటతోనే పిలిచారు. నేటి నల్లజాతి యువకులు కొందరు చివరి ధ్వని మార్చి, ‘ఒరేయ్ తమ్ముడూ’ అన్నంత చనువుగా ఒకరినొకరు అనుకుంటారు. వారిలోనే దీన్ని ఒప్పుకోనివారూ ఉన్నారు: హక్కుల సంస్థ ఎన్.ఏ.ఏ.సి.పి. 2007లో డెట్రాయిట్‌లో ఈ మాటకు శవపేటికతో అంత్యక్రియలే జరిపింది. ర్యాప్ పాటలో విన్నాం కదా అని మీరు అంటే ఆ చనువు మీకు దక్కదు. కులం పేరుతో తిట్టే మాటలు మన భాషలోనూ ఉన్నాయి. వాటిని తలచుకుంటే దీని బరువు తెలుస్తుంది.

భారతీయులకూ ఇలాంటి పేర్లు తగిలాయి. 1987లో న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీలో భారతీయులపై దాడులకు దిగిన ముఠా, మన స్త్రీల బొట్టును ఎగతాళి చేస్తూ ‘డాట్‌బస్టర్స్’ అని పేరు పెట్టుకుంది. ‘ఘోస్ట్‌బస్టర్స్’ అనే హాస్య సినిమా పేరుకు అది అనుకరణ.

అక్కడి మన కుటుంబాల్లోనూ రెండు మాటలు వినిపిస్తాయి. అక్కడే పుట్టినవారు ‘ఏబీసీడీ’లు, అంటే అమెరికాలో పుట్టి అయోమయంలో పడిన దేశీలు. కొత్తగా వెళ్లినవారు ‘ఫాబ్’లు, అంటే అప్పుడే ఓడ దిగినవారు, విమానంలో వెళ్లినా ఓడ పేరే! బావామరదళ్లు నవ్వుకుంటూ అనుకునే ఈ ‘ఫాబ్’నే బడిలో ఎవరో ఒకరు ఉచ్చారణను వెక్కిరిస్తూ అంటే, ఆ పిల్ల మర్నాడు నోరు విప్పదు.