రంగుకు ముందు తగిలే గుడ్డ

కారుకు రంగు వేయించుకునేవాళ్లు ఏ కంపెనీ పెయింటు, ఎన్ని కోట్లు, బూత్ ఉందా లేదా అని అడుగుతారు. బానెట్‌ను ఏ గుడ్డతో తుడుస్తారని అడిగేవాళ్లు అరుదు. స్ప్రే గన్ ఎత్తేముందు రేకును చిట్టచివర తాకేది ఆ గుడ్డే. అది దుమ్మును, జిడ్డును తీసుకుపోతుంది. తనలో ఉన్నదేదో కొంత రేకు మీద వదిలి కూడా పోతుంది. గుడ్డను ఎంచుకునేటప్పుడు ఈ రెండో సంగతే ముందు చూడాలి.

కారు మీద రంగు ఎంత పలచనో చాలామందికి తెలియదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారుకు ప్రైమర్ మొదలు పైన మెరిసే క్లియర్ కోట్ దాకా అన్ని పొరలూ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అసలు రంగునిచ్చే బేస్ కోట్ అందులో 10, 20 మైక్రాన్లకు మించదు. పత్తి పీచు మందం కూడా ఇంచుమించు అంతే. అందుకే గుడ్డ నుంచి ఊడిన ఒక్క పీచు రంగులో మునిగిపోదు, ఎండలో పెట్టగానే గీతలా పైకి తేలుతుంది.

పీచు కనీసం కంటికి కనబడుతుంది. ఎండాక వాటర్ పేపర్ పట్టి తీసేయొచ్చు. కనబడకుండా పని చెడగొట్టేది సిలికాన్. డ్యాష్‌బోర్డుకూ టైర్లకూ మెరుపు కోసం రాసే చాలా పాలిష్‌లలో, కొన్ని హ్యాండ్ క్రీముల్లో అది ఉంటుంది. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లయితే, సిలికాన్ నూనెది 21 దగ్గర ఉంటుంది. పెయింటుది ఆ రెంటికీ మధ్య. తడి రంగు తనకన్నా తక్కువ తలతన్యత ఉన్న చోట నిలవలేక పక్కకు జరుగుతుంది. గన్ దాటిన కాసేపటికే, తడిగా మెరుస్తున్న బానెట్ మీద ఆవగింజంత గుండ్రని గుంట పడుతుంది. అంచు కాస్త ఉబ్బుతుంది, నడుమ కింది ప్రైమర్ కనిపిస్తుంది. పెయింటర్లు దీన్నే ఫిష్ ఐ అంటారు. ఆ తడి మీదే మరో కోటు దట్టంగా కొడితే, చాలాసార్లు అదీ అక్కడి నుంచి తప్పుకుంటుంది.

మన షెడ్లలో ఎక్కువగా కనబడేది బనియన్ వేస్ట్. తిరుప్పూరు లాంటి హోజరీ ఊళ్లలో కటింగులో మిగిలిన ముక్కలు కిలోల లెక్కన వస్తాయి. వాటిలో పాత బట్టలూ కలుస్తాయి. చవక, ద్రవాన్ని బాగా పీలుస్తుంది. చేతులు తుడుచుకోవడానికి, గన్ కడగడానికి దానికి వంక పెట్టలేం. రంగుకు ముందు తుడుపుకు మాత్రం నేను దాన్ని ఒప్పుకోను. కోసిన అంచుల నుంచి పోగులు రాలుతాయి. అంతకన్నా పెద్ద చిక్కు ఆ మెత్తదనమే. తాకితే హాయిగా ఉండాలని హోజరీ బట్టకు మిల్లులోనే సాఫ్ట్‌నర్ పట్టిస్తారు. అందులో సిలికాన్ రకాలు మామూలే. ఇంట్లో పాత టీషర్టును ఫ్యాబ్రిక్ కండిషనర్‌తో ఉతికి తెచ్చినా చిక్కు తప్పదు. సుగంధంతో పాటు మైనం లాంటి పొర పోగులకు అంటుకుని, థిన్నర్ తగలగానే రేకు మీదికి దిగుతుంది. అద్దకం నిలవని రంగు గుడ్డ అయితే ఆ రంగూ దిగుతుంది. తెల్లదే నయం, ఎంత మురికి పట్టిందో కూడా చూపిస్తుంది.

గుడ్డ మీద అనుమానముంటే ఒక పరీక్ష ఉంది. శుభ్రమైన గాజుపలక మీద గ్రీజ్ రిమూవర్ ఒక చుక్క వేసి ఆరనివ్వాలి. అదే ద్రవంలో గుడ్డను తడిపి, పిండిన చుక్కను పక్కన వేయాలి. రెండోచోట మాత్రమే తెల్లటి మసక వలయం మిగిలితే ఆ గుడ్డ పనికిరాదు.

పెయింటు దుకాణాల్లో రోల్స్‌గా దొరికే లింట్ లేని వైప్స్‌లో మంచి రకాన్ని మగ్గం మీద నేయరు. కలప గుజ్జునూ పాలిస్టర్ పీచునూ పరచి, సన్నటి నీటిధారలను ఒత్తిడితో కొట్టి చిక్కుపడేలా చేస్తారు. సొంటారా అనే పేరుతో వచ్చేది ఈ రకమే. జిగురు లేకుండానే నిలుస్తుంది కాబట్టి ద్రావకంలో కరిగి దిగేది ఉండదు. గుజ్జు ద్రవాన్ని పీలిస్తే, పాలిస్టర్ తడిలో చిరగకుండా కాస్తుంది.

ఎంత మంచి గుడ్డయినా ఒక్కటి చాలదు, రెండు కావాలి. ఒకదాన్ని గ్రీజ్ రిమూవర్‌తో తడిపి, అరచేయి పట్టేలా నాలుగు మడతలు వేసి, బానెట్‌లో సగం మేర తుడవాలి. ఆ తడి ఆరకముందే పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఆరనిస్తే కరిగిన జిడ్డు అక్కడే మళ్లీ కూర్చుంటుంది, చేసిన శ్రమంతా జిడ్డును సమంగా పరచడానికే సరిపోతుంది. ప్రతి తుడుపుకూ మడత మార్చాలి. ఇదంతా పేపర్ పట్టకముందే ఒకసారి, పట్టాక మరోసారి చేయాలి. ముందు తుడవకపోతే రుద్దుడుకు జిడ్డు గీతల లోపలికి దిగుతుంది.

మైక్రోఫైబర్ కడుగుడుకు మంచిదే. కానీ ఇసుక రేణువు దాని కుచ్చులో ఇరుక్కుంటే వదలదు, పాలిష్ పట్టించిన గుడ్డయితే ఎంత ఉతికినా నమ్మలేం. చివర్లో దుమ్ము ఎత్తడానికి వాడే ట్యాక్ క్లాత్‌కు బంక పట్టించి ఉంటుంది. దాన్ని పూర్తిగా విప్పి, వదులుగా ముడుచుకుని, గాలిలో తేలినట్టు లాగాలి. అదిమితే బంక రేకుకు అంటుతుంది. ప్లాస్టిక్ బంపర్‌ను పొడి గుడ్డతో గట్టిగా రుద్దినా ప్రమాదమే. స్థిర విద్యుత్తు పుట్టి చుట్టుపక్కల దుమ్మును తనే లాక్కుంటుంది.

వాడిన గుడ్డలను షెడ్డు మూలన కుప్ప పోయకూడదు. థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువైనది. నేల వెంట పాకి పక్క బేలో వెల్డింగ్ రవ్వ దగ్గరికి చేరగలదు. మూత గట్టిగా పడే ఇనుప డబ్బా ఒకటి పెట్టి వాటిని అందులో వేసి, రోజూ సాయంత్రం బయటికి తరలించాలి.