మోటారు శీతలద్రవము : మార్పిడి, విసర్జనము

రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోని హట్టి బంగారు గనులకు ప్రసిద్ధి చెందిన ఊరు. 1947లో నైజాము రాజ్యమున హైదరాబాదు గోల్డ్ మైన్స్ అను పేర స్థాపితమైన కంపెనీ, 1956లో రాష్ట్రముల పునర్విభజన పిమ్మట హట్టి గోల్డ్ మైన్స్ అను పేరు దాల్చెను. రాతిపిండి నుండి బంగారమును సయనైడు ద్రావణముతో కరగించి తీయుదురు. విషద్రవమును నేలపాలు కానీయక కట్టడిలో నుంచవలెనను నీతి గనుల ఊరివారికి క్రొత్త కాదు. అయితే ఇంటిముంగిట నిలిచిన కారులో కూడ విషద్రవమొకటి గలదను సంగతి తరచుగా మరచెదము. దానినే వాడుకలో కూలెంటు అందురు.

ఇంజనులో ఇంధనము మండగా పుట్టిన వేడిలో సుమారు మూడవవంతు ఈ ద్రవము ద్వారా రేడియేటరుకు చేరి గాలిలో కలియును. ఇందు సాధారణముగా సగము నీరు, సగము ఎథిలీన్ గ్లైకాల్, కొలదిగా త్రుప్పునివారకములు ఉండును. చలిదేశములలో ఈ మిశ్రమము సున్నకు దిగువ 37 డిగ్రీల సెంటిగ్రేడు వరకు గడ్డకట్టదు. రాయచూరు సీమలో మనకు ఆ గుణముతో పనిలేదు. మండువేసవిలో మరగకుండుట, లోహము త్రుప్పుపట్టకుండుట ముఖ్యము. మూత బిగించి, పీడనము నిలిచియున్నపుడు ఈ మిశ్రమము సుమారు 129 డిగ్రీల వరకు మరగదు. బోరునీటిని పోసినచో అందలి లవణములు లోపల పెచ్చులు కట్టును. కావున డిస్టిల్డు వాటరునే వాడవలెను.

కాలక్రమమున త్రుప్పునివారకములు క్షీణించి ద్రవము ఆమ్లగుణము పొందును. పాత రకములను రెండేండ్లకు, దీర్ఘకాలిక రకములను సుమారు అయిదేండ్లకు మార్చుట వాడుక. కారుతో వచ్చిన పుస్తకమున చెప్పినదే ప్రమాణము. రెండు రకములను కలుపరాదు.

మార్చు విధము : ఇంజను పూర్తిగా చల్లారిన పిదపనే మూత తీయవలెను. వేడిమీద తీసినచో మరగిన ద్రవము ఎగజిమ్మి ఒడలు కాల్చును. క్రింద వెడల్పయిన పళ్లెము నుంచి, రేడియేటరు అడుగున నున్న బిరడా విప్పి ద్రవమును దింపవలెను. పిమ్మట డిస్టిల్డు వాటరుతో కడిగి, ఆ కడుగునీటిని కూడ పట్టవలెను. బిరడా బిగించి క్రొత్త మిశ్రమము నింపి, థర్మోస్టాటు తెరచుకొనువరకు ఇంజను నడిపి లోపలి గాలిబుడగలను పోనీయవలెను. చల్లారిన తరువాత తగ్గిన మేరకు గుర్తువరకు నింపవలెను.

ఇంక పాత ద్రవము మాట. గ్లైకాలు తియ్యగా నుండుటచే కుక్కలు, దూడలు నాకును. పసిబిడ్డలు త్రాగు భయము కలదు. దేహమున అది ఆక్సాలిక్ ఆమ్లముగా మారి, కాల్షియముతో కూడి స్ఫటికములై మూత్రపిండములను చెరచును. సుమారు 100 మిల్లీలీటర్లు పెద్దవారికే ప్రాణాంతకము కావచ్చును. మొదట మత్తువలె తోచి, కొంత తేరినట్లు కనిపించి, తరువాత మూత్రము బందగును. కావున లక్షణములకై వేచియుండక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. దీనికి విరుగుడు మందు కలదు, ఆలస్యమే అపాయము.

పాత ద్రవమున రేడియేటరు నుండి కరగిన సీసము, రాగి కూడ ఉండవచ్చును. గ్లైకాలు నేలలో కొన్ని వారములకు శిథిలమైనను లోహములు నిలిచియుండును. కావున వీథికాలువలో, బావిగట్టున, పొలమున, సెప్టిక్ ట్యాంకులో పోయరాదు. గట్టి మూతగల డబ్బాలో పోసి, విషమని కన్నడమునను తెలుగునను వ్రాసి, పిల్లలకందనిచోట నుంచవలెను. పానీయపు సీసాలలో ఎన్నడును పోయరాదు. పాత ఇంజను నూనెతో కలుపరాదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పొందిన సేకర్తలకు అప్పగించు సర్వీసు స్టేషనును లింగసుగూరులోనో రాయచూరులోనో ముందుగా విచారించి, అచ్చట ఇచ్చుట మేలు. అట్టిది దొరకువరకు డబ్బా ఇంటనే భద్రముగా నుండవచ్చును.

గనిలో విషమును కట్టడిచేయువారు కంపెనీవారు. ముంగిటి విషమును కట్టడి చేయవలసినవారము మనమే. అయిదారు లీటర్ల ద్రవమే కదాయని కాలువలో వంపినచో, ఆ నీటిని మొదట ముట్టునది వీథిలోని మూగజీవమే.