గోదావరి తీరం, ఆదిలాబాదు కొండలలో ప్రయాణం

తెలంగాణ రాష్ట్రపు ఉత్తర భాగంలోని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు గోదావరి నదికి ఇరువైపులా ఉన్నాయి. నదికి దక్షిణాన కరీంనగర్ మైదానాలు, ఉత్తరాన ఆదిలాబాదు అడవులు, కొండలు వ్యాపించి ఉన్నాయి. తీర్థక్షేత్రాలు, కోటలు, బొగ్గు గనుల పట్టణాలు ఎక్కువగా నది వెంట, రైలు మార్గం వెంట ఏర్పడగా, జలపాతాలు, అభయారణ్యం, గోండు, కోలాము గూడేలు కొండలలో ఉన్నాయి. ఈ కారణంగా ఇక్కడి ప్రయాణానికి తీరం, కొండ అను రెండు భిన్నమైన భాగములు కలవు. తీర ప్రాంతాన్ని సంవత్సరంలో ఎక్కువ కాలం సులభంగా చూడవచ్చును. కొండ ప్రాంతపు ప్రయాణం మాత్రం వానల మీద ఆధారపడి ఉంటుంది.

భౌగోళిక స్వరూపం

గోదావరి నది నిజామాబాదు జిల్లాలోని కందకుర్తి వద్ద తెలంగాణలో ప్రవేశిస్తుంది. అక్కడ మంజీర నది దానిలో కలుస్తుంది. తరువాత బాసర, శ్రీరాంసాగర్ జలాశయం, ధర్మపురి, మంచిర్యాల, మంథని, చెన్నూరు ప్రాంతాల మీదుగా తూర్పుగా ప్రవహించి కాళేశ్వరం వద్ద ప్రాణహితను కలుపుకుంటుంది. పూర్వపు ఆదిలాబాదు జిల్లాకు దక్షిణ సరిహద్దు గోదావరి. ఉత్తరాన పెన్‌గంగ, వార్ధా నదులు, తూర్పున ప్రాణహిత నది ఆ జిల్లాను మహారాష్ట్ర నుండి వేరు చేస్తాయి. మూడు వైపులా నదులే ఉండుట వలన వంతెనలు లేని రోజులలో వర్షాకాలంలో ఈ జిల్లాకు రాకపోకలు చాలా కష్టంగా ఉండేవి.

జిల్లా మధ్యభాగంలో సహ్యాద్రి శ్రేణికి చెందిన సత్మల కొండలు ఉన్నాయి. కడెం నది ఈ కొండలలో పుట్టి, జలపాతాలుగా దూకి, కడెం జలాశయాన్ని నింపి గోదావరిలో కలుస్తుంది.

2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఆదిలాబాదు జిల్లా నుండి ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీమ్ ఆసిఫాబాదు జిల్లాలు ఏర్పడ్డాయి. కరీంనగర్ జిల్లా నుండి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడగా, కాళేశ్వరం ప్రాంతం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరినది. పాత పుస్తకాలలో, పాత పటాలలో కనిపించే జిల్లా పేర్లకు, నేడు రోడ్ల మీద కనిపించే పేర్లకు తేడా ఉండటానికి ఇదే కారణం.

గోదావరి తీరం

బాసరలో జ్ఞాన సరస్వతి ఆలయం ఉన్నది. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి తెలంగాణ నుండే కాక మహారాష్ట్ర నుండి కూడా భక్తులు ఇక్కడకు వస్తారు. వ్యాసుడు ఇక్కడ నివసించి దేవిని ప్రతిష్ఠించాడని స్థలపురాణం. సికింద్రాబాదు - మన్మాడ్ రైలు మార్గంలో బాసర స్టేషను ఉన్నందున ఈ క్షేత్రానికి రావడం తేలిక.

ధర్మపురి జగిత్యాల జిల్లాలో గోదావరి దక్షిణ తీరాన ఉన్న లక్ష్మీ నరసింహ క్షేత్రం. ఇక్కడ యమధర్మరాజుకు కూడా ఆలయం ఉండుట విశేషం. తూర్పుకు ప్రవహించే గోదావరి ధర్మపురి వద్ద దక్షిణ వాహినిగా, చెన్నూరు వద్ద ఉత్తర వాహినిగా మారుతుంది. నది ఈ విధంగా దిక్కు మార్చుకునే చోట్లను పవిత్రంగా భావించి స్నాన ఘట్టాలు ఏర్పరచుకున్నారు.

ధర్మపురికి దిగువన, పెద్దవాగు గోదావరిలో కలిసే చోట కోటిలింగాల గ్రామం కలదు. ఇక్కడ శాతవాహన వంశపు తొలి రాజుల నాణేలు, ముఖ్యంగా శ్రీముఖుని నాణేలు లభించుటతో శాతవాహనుల ఆరంభ చరిత్రలో ఈ గ్రామానికి ప్రాధాన్యం వచ్చినది. తరువాతి కాలంలో ఈ ప్రాంతం శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు ముంపు పరిధిలోకి వచ్చినది.

మంథని వేద పండితులకు ప్రసిద్ధి చెందిన పాత పట్టణం. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉన్నాయి. ఒకటి కాలుడికి, అనగా యమునికి, మరొకటి ముక్తేశ్వరునికి చెందినవిగా పూజలు అందుకుంటాయి. గోదావరి, ప్రాణహితల సంగమంలో సరస్వతి అంతర్వాహినిగా కలుస్తుందని భక్తుల విశ్వాసం. అందువలన ఇక్కడ మూడు నదుల పుష్కరాలు జరుగుతాయి. గోదావరి పుష్కరాలు 2015లో, ప్రాణహిత పుష్కరాలు 2022లో, సరస్వతి పుష్కరాలు 2025 మే నెలలో జరిగాయి. కాళేశ్వరం దిగువన నిర్మించిన మేడిగడ్డ ఆనకట్ట 2019లో ప్రారంభమైనది. 2023 అక్టోబరులో దాని పిల్లర్లు కొన్ని కుంగిపోగా జలాశయాన్ని ఖాళీ చేశారు.

కరీంనగర్ వైపు కోటలు

నదికి దక్షిణాన ఎత్తైన పర్వతాలు లేవు. మైదానం మధ్య విడివిడిగా లేచిన రాతి గుట్టలే ఇక్కడి కోటలకు ఆధారం. కరీంనగర్ పట్టణానికి సమీపాన మానేరు నది ఒడ్డున ఎలగందుల కోట కలదు. కరీంనగర్ కంటే ముందు ఈ ప్రాంతానికి కేంద్రం ఎలగందులయే. జగిత్యాల కోట నక్షత్రాకారంలో, చుట్టూ కందకంతో నిర్మించబడినది. దీని నిర్మాణంలో ఫ్రెంచి ఇంజనీర్లు పాల్గొన్నారని చెబుతారు. పెద్దపల్లి జిల్లాలోని రామగిరి ఖిల్లాకు నడిచి ఎక్కవలెను. అదే జిల్లాలోని ధూళికట్ట వద్ద బౌద్ధ స్తూపపు అవశేషాలు బయల్పడినవి.

జలపాతాలు

హైదరాబాదు నుండి నాగపూర్ వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 7వ నంబరు) నిర్మల్ దాటిన తరువాత కొండ ప్రాంతంలోకి ప్రవేశిస్తుంది. ఇక్కడి పాత ఘాట్ రోడ్డుకు ఆరవ నిజాం పేరు మీదుగా మహబూబ్ ఘాట్ అని పేరు వచ్చినది. నిర్మల్ పట్టణం పొనికి కర్రతో చేసే కొయ్య బొమ్మలకు ప్రసిద్ధి.

నేరడిగొండ నుండి సుమారు 12 కి.మీ. దూరంలో కడెం నది మీద కుంటాల జలపాతం ఉన్నది. దీని ఎత్తు సుమారు 45 మీటర్లు. శకుంతల పేరు మీదుగా దీనికి ఈ పేరు వచ్చిందని స్థానికుల కథనం. జలపాతం వద్ద గల గుహాలయంలో మహాశివరాత్రికి పూజలు జరుగుతాయి. బోథ్ మండలంలోని పొచ్చెర జలపాతం ఎత్తు సుమారు 20 మీటర్లే అయినా వెడల్పు, లోతు ఎక్కువ. బజార్‌హత్నూర్ మండలంలో కనకాయి జలపాతం, లింగాపూర్ మండలంలో సప్తగుండాల లేక మిట్టె జలపాతం కలవు.

ఈ జలపాతాల అందం, ప్రమాదం రెండూ వాన నుండే వస్తాయి. జులై నుండి అక్టోబరు వరకు నీరు నిండుగా ఉంటుంది. మార్చి తరువాత చాలా చోట్ల సన్నని ధారలే మిగులుతాయి. నీరు తగ్గినపుడు కూడా రాళ్ళ మీద నాచు, అడుగున గుండాలు ఉంటాయి. పైకి నిశ్చలంగా కనిపించే గుండంలో ఈతకు దిగి పలువురు మరణించిన సంఘటనలు కుంటాల, పొచ్చెరల వద్ద అనేకసార్లు జరిగాయి. ఎగువన కురిసిన వాన దిగువకు చేరడానికి కొంత సమయం పడుతుంది. కనుక జలపాతం వద్ద ఎండ కాస్తున్నా నీటిమట్టం హఠాత్తుగా పెరగవచ్చును.

దిగువన కడెం జలాశయం కూడా ఇదే వరదకు గురి అవుతుంది. 1958లో ఇక్కడి ఆనకట్ట వరదలకు తీవ్రంగా దెబ్బతిన్నది. 2022, 2023 సంవత్సరాల జులై నెలలలో గేట్ల విడుదల సామర్థ్యానికి మించిన వరద రావడంతో దిగువ గ్రామాల ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు.

అడవి, గూడేలు

కవ్వాల్ అభయారణ్యం 1965లో ఏర్పడి, 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించబడినది. మంచిర్యాల జిల్లాలోని జన్నారం దీనికి ప్రధాన ప్రవేశ స్థానం. మహారాష్ట్రలోని తాడోబా అడవుల నుండి పులులు ప్రాణహిత, పెన్‌గంగ దాటి ఈ వైపు వస్తుంటాయి. బెజ్జూరు అడవులలో పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగు ముక్కు రాబందుల గూళ్ళు కనుగొనబడినవి.

ఈ కొండలలో గోండులు, కోలాములు, నాయక్‌పోడులు, పర్ధానులు, తోటీలు నివసిస్తారు. గోండి, కోలామి, మరాఠీ, ఉర్దూ, తెలుగు భాషలు ఒకే సంతలో వినిపిస్తాయి. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో లభించిన గోండి వ్రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించినది. కెరమెరి మండలంలోని కొన్ని సరిహద్దు గ్రామాలపై తెలంగాణ, మహారాష్ట్రల మధ్య వివాదం ఉన్నందున అక్కడి ప్రజలు రెండు రాష్ట్రాల ఎన్నికలలోనూ ఓటు వేస్తూ వచ్చారు.

కెరమెరి ఘాట్ దాటి వెళ్ళితే జోడేఘాట్ వస్తుంది. అడవి, భూమి, నీటి మీద హక్కు కోసం నిజాం ప్రభుత్వంతో పోరాడిన కొమురం భీమ్ 1940లో ఇక్కడ మరణించాడు. ఆ తిరుగుబాటుకు కారణాలను అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం నియమించిన మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్ జైనూర్ మండలంలోని మర్లవాయిలో నివసించాడు. ఆయన భార్య బెట్టి ఎలిజబెత్ సమాధి ఆ గ్రామంలో ఉన్నది. ఇదే మర్లవాయికి చెందిన గుస్సాడి నృత్య గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ లభించినది. ఆయన 2024లో మరణించాడు. ఇంద్రవెల్లిలోని స్తూపం 1981 ఏప్రిల్ 20న గిరిజనుల సభపై జరిగిన పోలీసు కాల్పులకు స్మారకం. మృతులు 13 మంది అని అధికారిక లెక్క కాగా, అంతకంటే చాలా ఎక్కువ మంది మరణించారని స్థానికులు చెబుతారు.

తీరాన్ని, కొండను కలిపే కాలినడక

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో ప్రతి సంవత్సరం పుష్య అమావాస్యనాడు నాగోబా జాతర ఆరంభమవుతుంది. దీనికి ముందు మెస్రం వంశీయులు తెల్లని వస్త్రాలు ధరించి కాలినడకన కొండలు దిగి, జన్నారం మండలం కలమడుగు సమీపంలోని హస్తినమడుగు వద్ద గోదావరిని చేరుకుంటారు. అక్కడ ఝరిలో గంగాజలం నింపుకొని మరల నడిచి కేస్లాపూర్ వస్తారు. రానుపోను ప్రయాణం వంద కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ఆ జలంతో నాగోబాకు మహాపూజ జరుగుతుంది. ఆ వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్ళను దేవునికి పరిచయం చేసే ‘భేటింగ్’ ఈ సందర్భంలోనే జరుగుతుంది. 1940వ దశకంలో హైమండార్ఫ్ సూచనపై ఆరంభమైన దర్బారులో అధికారులు గిరిజనుల సమస్యలు వింటారు. నేటి రాతి ఆలయం మెస్రం వంశీయులు తమలో తాము చందాలు వేసుకొని నిర్మించినది. అది 2022లో పూర్తయినది.

కడెం నది కొండ నీటిని గోదావరికి తీసుకుపోగా, మెస్రం వంశీయులు గోదావరి నీటిని కొండకు తీసుకువస్తారు. రోడ్లు, వంతెనలు రాకముందు నుండి తీరానికి, కొండకు మధ్య గల సంబంధం ఈ నడకలో నేటికీ నిలిచి ఉన్నది. జాతరకు వచ్చే యాత్రికులు పూజా స్థలాలలో మెస్రం పెద్దల అనుమతి లేకుండా ప్రవేశించరాదు, ఫొటోలు తీయరాదు.

రవాణా సౌకర్యాలు

కాజీపేట - బల్లార్షా రైలు మార్గం 1929 నాటికి పూర్తయి మద్రాసును ఢిల్లీతో కలిపినది. పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ దీనిపై ఉన్నాయి. పెద్దపల్లి నుండి కరీంనగర్, జగిత్యాల మీదుగా నిజామాబాదు వెళ్ళే మార్గం 2017లో పూర్తయినది. ఆదిలాబాదు పట్టణానికి రైలు మహారాష్ట్రలోని ముద్ఖేడ్ మీదుగా చుట్టి వస్తుంది. కాబట్టి మంచిర్యాల నుండి ఆదిలాబాదుకు బస్సే దగ్గరి దారి. నిర్మల్, ఉట్నూరులకు రైలు సౌకర్యం లేదు.

పూర్వం పడవలు, పుట్టెల మీద దాటిన గోదావరిపై సోన్, రాయపట్నం, మంచిర్యాల, కాళేశ్వరం వద్ద వంతెనలు ఉన్నాయి. 63వ నంబరు జాతీయ రహదారి జగిత్యాల, ధర్మపురి మీదుగా రాయపట్నం వద్ద నదిని దాటి మంచిర్యాల, చెన్నూరులకు వెళుతుంది. 2023 డిసెంబరు 9న ఆరంభమైన పథకం క్రింద తెలంగాణ మహిళలకు ఆర్టీసీ సాధారణ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం కల్పించబడినది.

అనువైన కాలం, జాగ్రత్తలు

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు రెండు భాగాలనూ కలిపి చూడడానికి అనువైన కాలం. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు తరచుగా ఆదిలాబాదు, ఆసిఫాబాదు ప్రాంతాలలోనే నమోదవుతాయి కనుక చలి దుస్తులు అవసరం. ఏప్రిల్, మే నెలలలో రామగుండం, ఆదిలాబాదులలో ఎండ తీవ్రంగా ఉంటుంది.

జలపాతాలకు మంచి కాలమైన వర్షాకాలమే గూడేలకు కష్టకాలం. వాగులు పొంగినపుడు వంతెనలు లేని గ్రామాలకు దారి తెగిపోతుంది. రోగులను, గర్భిణులను మంచాల మీద మోసి వాగు దాటించవలసి వస్తుంది. ప్రయాణికుడు ఒక రోజు ఆగి వెనుదిరిగే వాగు అక్కడి వారికి ఆసుపత్రికి పోయే ఏకైక దారి కావచ్చును. పొంగుతున్న కల్వర్టుల మీద వాహనం నడపరాదు. జోరు వానలో లోపలి గ్రామాలకు వెళ్ళే ముందు మండల కేంద్రంలో దారి సంగతి అడిగి తెలుసుకోవలెను.

ఘాట్ రోడ్ల మీద నిండు బస్సు ఎక్కడం ప్రమాదకరం. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డుపై కిక్కిరిసిన బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. అభయారణ్యం గుండా పోయే రోడ్లపై చీకటి పడిన తరువాత వన్యప్రాణులు అడ్డు రావచ్చును. జన్నారం, ఉట్నూరు వైపు ప్రయాణాన్ని పగటి పూటనే ముగించుకొనుట మేలు.