మంచు ముందే చెబుతుంది!

గుల్మార్గ్ వెళ్తే మంచు బంతులు, మనాలీ వెళ్తే స్లెడ్జి బండ్లు, సిక్కిం వెళ్తే నాథులా దారి... శీతాకాలం యాత్ర అంటే మనకు గుర్తొచ్చేవి ఇవే. కానీ ఆ తెల్లటి కొండవాలు ఎప్పుడు, ఎందుకు విరిగిపడుతుందో తెలిసినవాళ్లు తక్కువ. నిజానికి మంచు చరియ చెప్పాపెట్టకుండా వచ్చే ఆపద కాదు. చాలాసార్లు ముందే సంకేతాలు ఇస్తుంది. వినేవాళ్లే ఉండరు!

2023 ఫిబ్రవరి 1. గుల్మార్గ్‌లోని అఫర్వత్ కొండమీద హాపత్‌ఖుడ్ దగ్గర స్కీయింగ్ చేస్తున్న విదేశీ బృందాలపై మంచు చరియ పడింది. పోలండ్ దేశీయులు ఇద్దరు చనిపోయారు. మరో 19 మంది విదేశీయులనూ ఇద్దరు స్థానిక గైడ్లనూ కాపాడగలిగారు. అక్కడ కేబుల్‌కారు రెండో దశ దాదాపు 13 వేల అడుగుల ఎత్తుకు చేరుస్తుంది. దిగాక గుర్తులు పెట్టిన దారి వదిలి పక్కకు వెళ్తే కాపలా ఉండని, ఎవరూ తొక్కని మంచే!

రెండు నెలలు తిరిగేసరికి, ఏప్రిల్ 4న సిక్కింలో గ్యాంగ్‌టక్ - నాథులా రోడ్డుమీద మరో ప్రమాదం. ఈసారి బాధితులు స్కీయింగ్ చేసేవాళ్లు కాదు, మనలాంటి మామూలు పర్యటకులు. ఏడుగురు మరణించారు. అనుమతి 13వ మైలు వరకే ఉన్నా 15వ మైలు దాకా వెళ్లారని అధికారులు చెప్పారు. అంటే, కొండ ఎక్కనక్కర్లేదు. దాని కింద నిలబడినా చాలు.

పూతరేకుల్లా పొరలు
కొండమీద మంచు ఒకే ముద్ద కాదు. పూతరేకుల్లా పొరమీద పొర. డిసెంబరు నుంచి మార్చి వరకు మధ్యధరా సముద్రం వైపునుంచి వచ్చే పశ్చిమ అలజడులు హిమాలయాల మీద విడతలు విడతలుగా మంచు కురిపిస్తాయి. ప్రతి విడతా ఒక పొర. మధ్యలో ఆకాశం నిర్మలంగా ఉండి చలి ముదిరితే పాత మంచు పంచదార పలుకుల్లా మారుతుంది. ఆ పలుకులు ఒకదాన్నొకటి పట్టుకోవు. వాటిమీద మళ్లీ కొత్త మంచు బరువుగా పేరుకుంటే... పంచదార మీద పలక పెట్టినట్లే. ఒక్క మనిషి కాలు పెట్టినా పలక మొత్తం జారిపోవచ్చు.

జారాలంటే వాలు కూడా కావాలి. 30 నుంచి 45 డిగ్రీల వాలు ప్రమాదకరం. మన మేడమెట్లు ఉండే వాలు దాదాపు అంతే! మరీ నిటారుగా ఉంటే మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. చదునుగా ఉంటే కదలదు. స్కీయింగ్‌కి సరదాగా ఉండే వాలే చావుకీ అనువైన వాలు కావడం విచిత్రం.

సినిమాల్లో హీరో గట్టిగా అరిస్తే మంచు కూలుతుంది కదా... అది ఉత్తిమాట. అరుపుకి చరియలు కదలవు. బరువుకి కదులుతాయి. విహారానికో సాహసానికో వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనల్లో దాదాపు 90 శాతం, మంచును కదిపింది బాధితులో, వారి బృందంలోని మరొకరో!

పది నిమిషాలే గడువు
జారుతున్నప్పుడు పొడిలా కనిపించే మంచు ఆగిన మరుక్షణం సిమెంటులా బిగుసుకుపోతుంది. లోపలున్నవారు వేలు కూడా కదపలేరు. వీరిలో ఎక్కువమంది చనిపోయేది చలితో కాదు, ఊపిరాడక. పది నిమిషాల్లోపు బయటకు తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటిందా... ముగ్గురే! ఏ హెలికాప్టరూ అంత త్వరగా రాలేదు. కాపాడగలిగింది పక్కనున్న నేస్తాలే. అందుకే కొండమీదికి వెళ్లే ప్రతి ఒక్కరి దగ్గరా మూడు వస్తువులు తప్పనిసరి. పూడిపోయినవారి జాడ చెప్పే రేడియో పరికరం, మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ, తవ్వడానికి పార. బృందానికి ఒకటి కాదు, మనిషికొకటి.

అద్భుతాలు జరగవని కాదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున ఉన్న సైనిక శిబిరం మంచు కింద పూడిపోయింది. లాన్స్‌నాయక్ హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో దొరికారు. దేశమంతా ప్రార్థించింది. ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో ఆయన కన్నుమూశారు. మిగిలిన తొమ్మిదిమందీ అప్పటికే అమరులయ్యారు. వారిలో కర్నూలు జిల్లాకు చెందిన ముస్తాక్ అహ్మద్ ఒకరు. అద్భుతాన్ని నమ్ముకుని కొండెక్కకూడదు.

హెచ్చరిక వచ్చింది... కానీ
మన దేశంలో మంచు చరియల అధ్యయనానికి 1969లోనే మనాలీలో ఒక సంస్థ వెలిసింది. 2020లో అది డీఆర్‌డీఓలోని డీజీఆర్‌ఈలో కలిసింది. చండీగఢ్ కేంద్రంగా ఈ సంస్థ ఏ జిల్లాలో ఎంత ప్రమాదం ఉందో హెచ్చరికలు జారీ చేస్తుంది. 2025 ఫిబ్రవరి 27 సాయంత్రం ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాకూ అలాంటి హెచ్చరికే వచ్చింది. తెల్లవారి 28న అదే జిల్లాలోని మానా దగ్గర సరిహద్దు రోడ్ల కూలీల శిబిరంమీద మంచు విరుచుకుపడింది. 54 మందిలో 46 మంది బయటపడ్డారు. ఎనిమిదిమంది బతకలేదు. పర్యటకుడికి వెనక్కి తిరిగే వీలుంటుంది. రోడ్డుమీద మంచు తీసే కూలీకి ఆ వీలు ఎవరివ్వాలి? హెచ్చరిక కాగితంమీద ఉంటే చాలదు, శిబిరం ఖాళీ అయితేనే దానికి అర్థం.

వెళ్లేముందు...
* ఎక్కువ చరియలు మంచు కురుస్తున్నప్పుడు, ఆగాక ఒక రోజులోపు పడతాయి. అడుగు మందాన కొత్త మంచు పడితే, మర్నాడు ఎండ ఎంత అందంగా కాసినా వాలు జోలికి వెళ్లొద్దు.
* గాలి మంచును ఒకవైపు నుంచి ఎత్తి రెండోవైపు పోగేస్తుంది. కొండకు గాలి తగలని పక్కే ఎక్కువ ప్రమాదం.
* కాలు పెట్టగానే లోపల్నుంచి 'ధబ్'మని శబ్దం వచ్చినా, మంచుమీద పగుళ్లు పాకినా వెంటనే వెనక్కి తిరగాలి. పక్క వాలుమీద కొత్తగా చరియ పడి కనిపించినా అంతే.
* మంచు మీదికి వస్తే కర్రలు వదిలేసి పైకి తేలడానికి పెనుగులాడాలి. వేగం తగ్గుతుండగా చేతులు ముఖానికి అడ్డంపెట్టుకుని గాలికి చోటు చేసుకోవాలి.
* 'ఇక్కడివరకే' అని బోర్డు ఉంటే, డ్రైవరు 'ఏం కాదు సార్' అన్నా సరే, అక్కడే ఆగాలి.

కొండ ఎక్కడికీ పోదు. ఈసారి కాకపోతే మరుసటి ఏడు చూడొచ్చు. తిరిగి రావడమే ముఖ్యం.