ఒక మాత్ర ముందే మోగే గంట

ఓసిబిసా పాట పెడితే ఒక్క ముక్క అర్థం కాకపోయినా కాలు ఎందుకు ఆగదని కాకినాడ పాఠకుడొకరు అడిగారు. ఇలాంటి ప్రశ్న వస్తే మిగతా ఉత్తరాలు పక్కకు పోవాల్సిందే.

ముందు పరిచయం. పశ్చిమాఫ్రికా, కరీబియన్ సంగీతకారులు కలిసి 1969లో లండన్‌లో కట్టిన బ్యాండ్ ఓసిబిసా. నాయకుడు టెడ్డీ ఓసేయ్‌ది ఘనాలోని కుమాసీ. తొలి ఆల్బమ్ 1971లో వచ్చింది. ఎలక్ట్రిక్ గిటార్, ఆర్గన్ రాక్ నుంచి. బాకాలు ఘనా హైలైఫ్ సంగీతం నుంచి. చాలామంది ఇలాంటి ఆఫ్రో-రాక్ అంటే గిటార్ హోరే అనుకుంటారు. నా మట్టుకు కిటుకంతా ఇనుప గంటలో, దాని వెనకున్న లెక్కలో ఉంది.

ఆ లెక్కకు ఒక ఉదాహరణ చూద్దాం. ఘనా రాజధాని అక్రాలో 1960ల మొదట్లో గా తెగ కుర్రకారు క్పాన్లోగో అనే ఆట తయారుచేశారు. అందులో గంట నడక 16 మాత్రలు: 3, 3, 4, 2, 4. మృదంగం నేర్చినవాళ్లు నోటితోనే అనేయగలరు: తకిట తకిట తకధిమి తక తకధిమి. ప్రతి ముక్క మొదటి అక్షరం మీద గంట. ఇప్పుడు అదే 16 మాత్రలకు కాలితో సమానంగా నాలుగు అడుగులు వేయండి: 1, 5, 9, 13. గంట మోగేది 1, 4, 7, 11, 13 మాత్రల్లో. మొదటి దెబ్బ అడుగుతో కలిసింది. రెండోది అడుగుకన్నా ఒక మాత్ర ముందే పడిపోయింది! మూడు, నాలుగు దెబ్బలు సరిగ్గా రెండు అడుగుల నడిమధ్యన. అయిదోది మళ్లీ కలిసింది. అంటే 5, 9 మాత్రల దగ్గర గంట మౌనం. అక్కడ అడుగు ఉందని చెప్పేది మీ మెదడే. కదలకుండా స్కానర్‌లో పడుకుని లయ విన్నా కదలికలను నడిపే మెదడు భాగాలు పనిచేస్తాయని పరిశోధకులు చూశారు. చెవికి అందని దెబ్బను కాలు పూరిస్తుంది.

మరి దెబ్బలను అడుగు నుంచి ఎంత తప్పిస్తే బాగుంటుంది? పరిశోధకురాలు మరియా విటెక్ బృందం 2014లో రకరకాల డ్రమ్ లయలు వినిపించి, ఏవి ఆడాలనిపించాయని అడిగింది. సాదా లయలూ, బాగా చిక్కుపడ్డవీ శ్రోతలను అంతగా కదిలించలేదు. మధ్యస్థంగా తప్పించేవే ఆడాలనిపించేలా చేశాయి. ఓసిబిసా ఉల్లాసం రహస్యం ఇదేనని నా గట్టి నమ్మకం. ఊహ తప్పుతుంది, వెంటనే నిజమవుతుంది. ఆ దాగుడుమూతలకు మాటలతో పని లేదు.

ఇలాంటి ఆఫ్రికా లయలను తప్పుగా చదివిన మహానుభావుడు ఎ.ఎం. జోన్స్. జాంబియాలో పనిచేసిన ఆంగ్ల మిషనరీ. వాయిద్యకారుల దెబ్బలు కదిలే కాగితంపై గీతలుగా పడే యంత్రం పెట్టించి, ఘనాకు చెందిన ఎవే తెగ విద్వాంసుడు డెస్మండ్ టే సాయంతో లయలు కొలిచి, 1959లో పెద్ద గ్రంథం అచ్చు వేశారు. కొలతలు భేష్. కానీ ఒక్కో డ్రమ్ముకు వేరే తాళం ఉందన్నట్టు స్వరలిపి రాశారు. అలా కాదు, అందరికీ అడుగు ఒక్కటే అని ఘనా పండితుడు కోఫీ అగావు వంటివారు తర్వాత వాదించారు. జోన్స్ కాగితాన్ని చూశారు కానీ ఆడేవాళ్ల పాదాలను చూడలేదు.

అన్నట్టు, అమెరికా గాయకుడు బో డిడ్లీ 1955 నాటి రాక్ పాటలోనూ దాదాపు ఇవే అయిదు దెబ్బలు. కాబట్టి ఓసిబిసా చేసింది అతుకుల బొంత కాదు, చుట్టాల కలయిక.

దీని ఉపయోగమేమిటంటారా? పార్కిన్సన్స్ రోగులకు లయ వినిపిస్తే నడక మెరుగుపడుతుంది. అందుకు ఎక్కువగా వాడేది మెట్రోనోమ్ టిక్కుటిక్కులే. ఇంత గంట ఉండగా!