పలకలు పుట్టిన పల్లెలు

విజయదశమినాడు అక్షరాభ్యాసము చేయించి బిడ్డ చేతికి పలక యిచ్చునపుడు అది ఏ యూరినుండి వచ్చినదని విచారించిన గృహస్థులు అరుదు. బియ్యము ఏ మడివో, మామిడిపండ్లు ఏ తోటవో అడిగి కొనువారమే గాని, పలకకు మాత్రము ఊరుపేరు అక్కరలేదనుకొంటిమి. రాతిపలకపై అక్షరములు దిద్దిన తరములవారిలో పెక్కండ్రు తమకు తెలియకయే మార్కాపురపు నేలను ముట్టుకొన్నారు.

ఆ పట్టణము చుట్టుపట్లను, తర్లుపాడు వైపున కలుజువ్వలపాడు మొదలగు పల్లెలలోను నేలలోని రాతిని త్రవ్వి, చీల్చి, నునుపుచేసి, కొయ్యచట్రము బిగించి పలకలు చేయుట ఒక పెద్ద పరిశ్రమగా నడచినది. మెట్టసేద్యమునకును మేకలమందలకును తప్ప వేరొకదానికి పుట్టినవని తోచని ఈ చిన్న యూళ్ళకు గనుల చరిత్ర యొకటి కలదు. దానిని గూర్చి కొంత చెప్పుకొందము.

మార్కాపురము, కంభము, గిద్దలూరు సీమ పూర్వము కర్నూలు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు అందు చేరినది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. పడమట నల్లమల, తూర్పున వెలికొండలు, నడుమ గుండ్లకమ్మ. కంభము చెరువువంటి మహాతటాకము ఉన్నను, సీమ మొత్తముమీద వానకు ముఖము వాచినదే. అనేక గ్రామములలో బావినీట ఫ్లోరైడు అధికము. నేలపై మట్టిపొర పలుచన. నాగలి కొంచెము లోతుకు దిగిన చోట్ల రాతిపొట్టు పైకి లేచును. ఇట్టి చోట పొలము పండని యేట గోతిలోనికి దిగుట తప్ప కూలివానికి వేరు దారి యేమున్నది? పలకల పని ఇక్కడ వేళ్ళూనుటకు రాయి ఎంత కారణమో కరవును అంత కారణమని మా యభిప్రాయము.

ముందు రాతి సంగతి. నూరుకోట్ల యేండ్లకు పైబడిన పూర్వకాలమున ఈ ప్రదేశము నీటి క్రింద నుండెను. నదులు తెచ్చిన మెత్తని బురద పొరలు పొరలుగా అడుగున పేరుకొని, పైబరువునకు గట్టిపడి, షేలు అను మన్నురాయి యైనది. అంతటితో ఆగిన యెడల పలక పుట్టెడిది కాదు. పిమ్మట తూర్పుదిక్కునుండి బ్రహ్మాండమైన ఒత్తిడి వచ్చి ఈ పొరలను మడతలు పెట్టినది. నేడు మనము చూచు నల్లమల వరుసలు ఆ మడతల శేషములే. ఆ ఒత్తిడికిని వేడికిని బురదలోని బంకమన్ను సన్నని అభ్రకపు రేకులుగా మారినది. పళ్ళెములో చల్లిన అటుకులను రెండు అట్టల నడుమ ఉంచి అదిమిన యెడల అన్నియు ఒకే వాటమున సర్దుకొనును గదా. ఈ రేకులును అట్లే ఒక వాటమునకు వచ్చినవి. కావున ఆ రాయి ఆ వాటముననే చీలును. బురద పేరుకొన్న పొర యొకటి, రాయి చీలు పొర మరియొకటి. ఈ రెండును ఎల్లయెడల ఒకటి కావు. ఈ భేదము కంటితో కనిపెట్టుటయే పలకపనివాని విద్యలో సగము. భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగు 1872లో కడప, కర్నూలు శిలలను గూర్చి ప్రకటించిన గ్రంథమున ఈ పొరలకు కంభము పేరే పెట్టెను. నాటినుండి నేటివరకు శాస్త్రగ్రంథములలో ఇవి కంభము శిలలుగనే వ్యవహరింపబడుచున్నవి.

పలక యను మాటకు మొదట రాతితో పొత్తు లేదు. అది సంస్కృతపు ఫలకమునుండి వచ్చినది, ఫలకమనగా చెక్క. మన వీధిబడులలో పిల్లలు మొదట ఇసుకలో వ్రేలితో దిద్ది, పిదప చెక్కపలకపై వ్రాసెడివారు. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ తన జిల్లాలోని బడులను గూర్చి మదరాసు ప్రభుత్వమునకు పంపిన నివేదికలో ఈ చెక్కను వర్ణించెను. అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు గల పలకను చిత్రిక పట్టి, అన్నమును బొగ్గుపొడిని కలిపి పూసిన చాలును, వ్రాతకు సిద్ధమగునని ఆయన వ్రాసెను. ఈ క్యాంబెలే 1816లో తెలుగునకు ఒక వ్యాకరణము ప్రకటించినవాడు. కావున బడిపిల్లవాని సామగ్రిపై ఆయన కన్ను పడుట వింత కాదు. ఇసుకవ్రాత కథ ఇంకను చిత్రమైనది. 1789 మొదలు మదరాసులోని అనాథ బాలుర శాలను నడపిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు మన బడులలో ఇసుకవ్రాతను చూచి తన శాలలో ప్రవేశపెట్టెను; 1797లో దానిని గూర్చి ఇంగ్లండున ఒక పుస్తకము ప్రకటింపగా అచ్చటి బీదపిల్లల బడులు ఆ పద్ధతిని అనుసరించినవి. మన ఇసుక అటు పోయినది; వారి రాతిపలక ఇటు వచ్చినది. చెక్క పోయి రాయి వచ్చినను పేరు మాత్రము మారలేదు.

రాతిపలకకు ఇంత ఆదరము ఏల కలిగెననగా, కాగితము ప్రియమైన రోజులలో వ్రాసి తుడిచి మరల వ్రాయుటకు అంతకంటె చౌకయైన సాధనము లేదు. బలపము పలకకంటె మెత్తన. రాచినపుడు బలపమే అరిగి పొడియై గరుకుతలముపై నిలుచును, తడిగుడ్డకు తొలగిపోవును. తడిగుడ్డ తెమ్మని పంతులుగారు ఎంత చెప్పినను పిల్లలు వాడునది ఉమ్మియే. ఆ శాస్త్రము వేరు! ఈ మార్కాపురపు రైలుమార్గముననే నంద్యాల దాటి పోయిన బేతంచర్ల ప్రాంతమున బలపమునకు పనికివచ్చు మెత్తని రాయి దొరకుట ఒక అందమైన పొందిక.

గనియనగా మన మనస్సున సొరంగమో, లోపల దీపమో మెదలును. ఇక్కడివి అట్టివి కావు, తెరచిన గోతులు. పైమట్టిని, శిథిలమైన రాతిని ముందు తొలగింపవలెను. మంచి రాయి తగిలిన పిదప గడ్డపారలతో, సుత్తులతో, ఇనుప చీలలతో దిమ్మలుగా విడదీయుదురు. గోతిలో ఊరు నీటిని తోడుట నిత్యకృత్యము. పైకి తెచ్చిన దిమ్మను ఎండిపోనీయరాదు. గనిచెమ్మ ఉన్నంతవరకే అది చక్కగా చీలును. ఎండిన పిమ్మట ఉలి పెట్టిన పగులునేగాని విచ్చుకొనదు. పనివాడు కూర్చుండి దిమ్మ అంచున పలుచని ఉలి నిలిపి సుత్తితో మెల్లగా తట్టును. చప్పుడు మారుటను బట్టి పగులు ఎంతవరకు పోయినదో అతనికి తెలియును. పుస్తకము తెరచినట్లు దిమ్మ రెండుగా విడిపోవును; ఆ రెండును మరల రెండుగా. పిదప అంచులు కోయుట, తలము రాచి నునుపుచేయుట, కొయ్యచట్రములో బిగించుట. ఇంత చేసినను త్రవ్విన రాతిలో పలకయగునది స్వల్పము. పలకగనులకు ప్రసిద్ధమైన వేల్సు దేశమున ఒక టన్ను పలకకు పది టన్నులకు తక్కువ కాని వ్యర్థము మిగులునని లెక్క. గనుల పల్లెలలో దిబ్బలు ఏల పెరుగునో దీనినిబట్టి ఊహింపవచ్చును.

సరకు పోవుటకు రైలుండెను. గుంటూరునుండి నల్లమలను దాటి గుంతకల్లు పోవు మీటరుగేజి మార్గము పందొమ్మిదవ శతాబ్ది చివర పడినది, ఇప్పుడది బ్రాడుగేజి. పట్టణము స్టేషనుకు దూరమగుటచే ఆ స్టేషను పేరునకు 'రోడ్డు' అను తోక నేటికిని ఉన్నది: మార్కాపురము రోడ్డు.

ఇక చెప్పుటకు కష్టమైన భాగము. ఈ పలకలు ఎవరికొరకో మనకు తెలియును: ఐదారేండ్ల పిల్లలకొరకు. వీటిని చేసినవారిలోను పిల్లలు ఉండిరి. చిన్న వ్రేళ్ళతో జరుగు పనికి, తక్కువ కూలికి, ఇంటిల్లిపాదియు దిగు ముక్కపనికి పిల్లలు సులభముగా దొరకిరి. పలకను చేతబట్టి రోజంతయు గడపి దానిపై ఒక అక్షరమైనను వ్రాయనేరని బిడ్డలు ఈ ఊళ్ళలో పెరిగిరి. ఇది దేశమంతటికిని తెలిసిన సంగతియే. 1986లో బాలకార్మిక నిషేధ, క్రమబద్ధీకరణ చట్టము వచ్చినది. 1987లో ప్రకటించిన జాతీయ విధానము ననుసరించి మొదట ఎన్నుకొన్న పరిశ్రమలలో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, మిర్జాపురము తివాచీలు, మన రాష్ట్రమున జగ్గంపేట పెంకులు, వాటి సరసన మార్కాపురము పలకలు చేరినవి. 1988 మొదలు జాతీయ బాలకార్మిక పథకము క్రింద పనినుండి తప్పించిన పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు పెట్టి, చదువు, మధ్యాహ్న భోజనము, నెలకు కొంత భత్యము, వైద్యపరీక్ష ఏర్పాటుచేసిరి. 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా వ్యాజ్యమున ఇచ్చిన తీర్పులో, చర్య ముందుగా ఆరంభింపవలసిన పరిశ్రమలలో మార్కాపురము పేరు మరల వచ్చినది. చట్టమునకు విరుద్ధముగా పనిలో పెట్టుకొన్న ఒక్కొక్క బిడ్డకు యజమాని 20,000 రూపాయలు సంక్షేమ నిధికి చెల్లింపవలెననియు, ఆ బిడ్డ స్థానమున ఇంటిలోని పెద్దవానికి పని చూపుటకు ప్రభుత్వము యత్నింపవలెననియు ఆ తీర్పు. ఈ రెండవ మాటయే ముఖ్యమని మేము తలంచుచున్నాము. తండ్రికి కూలి చాలని యింట బిడ్డను బడికి పంపుమని చెప్పుట సులభము, పంపుట కష్టము. ఆ ప్రత్యేక పథకము 2021లో సమగ్ర శిక్షలో విలీనమైనది.

రెండవ కష్టము కంటికి కనబడనిది. పలకరాతిలో స్ఫటికధూళి, అనగా సిలికా, కలదు. రాతిని పొడిగా కోసినను, రాచినను లేచు దుమ్ములో పెద్ద రేణువులు ముక్కుననే ఆగును. మిల్లీమీటరులో రెండువందలవ వంతుకంటె చిన్నవి ఊపిరితిత్తుల అడుగునకు పోవును. అక్కడి రక్షకకణములు వానిని మ్రింగి జీర్ణింపలేక చచ్చును. ఆ చోట మచ్చ కట్టును. మచ్చలు కలిసి ఊపిరితిత్తి బిగిసిపోవును. దీనికి సిలికోసిస్ అని పేరు. మందు లేదు. పని మానినను వ్యాధి ఆగదు. పైగా క్షయ సులభముగా పట్టుకొనును. మధ్యప్రదేశమున మందసోరులో బలపములు కోయు కార్మికులను పరీక్షించి అహమ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థవారు 1985లో ప్రకటించిన ఫలితములలో సగమునకు పైబడినవారికి ఈ జబ్బు కనబడినది. అక్కడ యంత్రపు రంపములు పొడిగా కోయుటచే ధూళి అధికము. ఉలితో చీల్చు పనికి అంత ధూళి లేకున్నను యంత్రముతో కోత, రాపిడి ఉన్న ప్రతిచోట భయమున్నది. రంపముపై నీరు ధారగా పోయుట, ధూళిని పీల్చు గొట్టములు పెట్టుట దీనికి నివారణ; ముక్కుకు గుడ్డ కట్టుకొనుట నివారణ కాదు. సన్నని ధూళికి ఆ గుడ్డ జల్లెడవంటిది.

వేల్సున ఒకప్పుడు కొందరు గనివైద్యులు పలకధూళి హానికరము కాదనియు, కార్మికులు కాచి కాచి త్రాగు తేనీరే వారి రోగములకు మూలమనియు చెప్పిరి. అచ్చటి పలకగని కార్మికులకు ధూళిరోగమునకై నష్టపరిహారము ఇచ్చు చట్టము 1979లోగాని రాలేదు. అప్పటికి వారి పెద్ద గనులు పెక్కు మూతబడియుండెను. 2021లో ఆ గనులసీమను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. యాత్రికులు టిక్కెట్టు కొని ఆ గోతులను చూచుచున్నారు.

మార్కాపురపు బడిపలకకు వచ్చిన దెబ్బ ఏ చట్టమువలనను కాదు. రేకుపలక వచ్చెను, అట్టపలక వచ్చెను, పగలని ప్లాస్టిక్కు పలక వచ్చెను. నోటుపుస్తకము చౌకయయ్యెను. బరువైనది, క్రింద పడిన పగులునది, ఇంకెవరు కొందురు? గోతులు ఒకదాని వెంట ఒకటి పనిలేక పడినవి. కొందరు ఇదే రాతిని నేలకు, గోడకు పరచు బండలుగాను అలంకారపు పలకలుగాను కోసి పై దేశములకు పంపు వ్యాపారమునకు మారిరి. దానికి పెద్ద దిమ్మలు, యంత్రములు, మదుపు కావలెను. ఉలిచేయి అంతగా అక్కరలేదు. దిమ్మ చప్పుడు విని పగులు చెప్పగల వృద్ధుని విద్యకు అక్కడ కూలి లేదు. చాలమంది పనివారు వలసపోయిరి.

గోతులు మాత్రము వలసపోవు గదా. వాన పడిన యేట అవి నిండి చెరువులవలె కనబడును. కాని చెరువునకు గట్టు వాలుగా దిగును. గని గోడ నిట్టనిలువుగా దిగును. కాలు జారినవానికి పట్టుకొన చోటుండదు. పసులకాపరులకును ఈతకు పోవు పిల్లలకును ఇది ప్రాణాపాయము. 2015లో కేంద్రప్రభుత్వము పలకరాతిని బలపపురాతిని చిన్నతరహా ఖనిజములలో చేర్చి వాటి వ్యవహారము రాష్ట్రములకు అప్పగించినది. ఆ యేటనే గనుల ప్రాంతముల మేలునకై జిల్లా ఖనిజ నిధులు ఏర్పాటైనవి. ఆ నిధికి సొమ్ము నడచుచున్న గనులు చెల్లించు రాయల్టీతోపాటు వచ్చును. ఆగిన గని ఏమియు చెల్లింపదు. కావున ఆగిన గనుల ఊళ్ళకు ఆ నిధిలో పాలు అడిగి తీసికొనవలసినదేగాని తానై రాదు. అడుగవలసినవి పెద్దవి కావు: గోతికి కంచె, ఒక ప్రక్క మెట్లవాలు, నీరు పరీక్షించి పశువులకో తోటకో వాడుకొను ఏర్పాటు, దిబ్బలోని రాతిపొట్టు ఊరిబాటలకు.

ఇది వినుచున్న గృహములలో ఒకప్పుడు పలకల పనిచేసిన పెద్దలెవరైన నున్నచో, మేము చెప్పదలచిన దొకటి కలదు. ఆయాసము, విడువని పొడిదగ్గు ఉండి ఆసుపత్రికి పోయినపుడు నేటి పని మాత్రమే గాక వెనుకటి పని కూడ వైద్యునికి చెప్పవలెను. ఎన్నియేండ్లు రాతిని కోసితిరో, పొడిగా కోసితిరో తడిపి కోసితిరో చెప్పవలెను. ఛాయాపటమున కనబడు మచ్చ క్షయదా, సిలికాదా, రెండింటిదా యని తేల్చుటకు ఆ మాట వైద్యునికి ఆధారమగును.